నిజాం గారి స్పిట్‌ఫైరూ, నా రెండు వేలూ

పోయిన నెల ఒక శనివారం పొద్దున్న పదింటికి, ఓ అరగంటలో తేల్చేద్దామని లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. లేచేసరికి సాయంత్రం నాలుగు. ఇంతకీ నేను కొనబోయింది ఇల్లూ కాదు, బండీ కాదు. ఫ్లైట్ సిమ్యులేటర్లో నడుపుకోడానికి ఒక పాతకాలపు యుద్ధవిమానం. ఖరీదు రెండు వేల పైచిలుకు. "రెండు వేలు పెట్టి లేని విమానం కొంటవా?" అన్నాడు మా రూమ్మేటు. వాడు ఒకప్పుడు ప్రతి ఐపీఎల్‌కీ డబ్బులు కట్టి ఫోన్లో లేని జట్టుని నడిపిన మనిషి. సరే, ఎవడి పిచ్చి వాడికానందం.

ఈ సరదా తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. సిమ్యులేటర్‌తో పాటు కొన్ని విమానాలు ఊరికే వస్తాయి. అవి కాక, ఒక్కో విమానం మీద నెలల తరబడి కూర్చుని, పాత మాన్యువళ్ళు తిరగేసి, లోపలి మీటలూ, ముళ్ళూ, ఇంజను దగ్గూ జ్వరంతో సహా తయారుచేసి విడిగా అమ్మేవాళ్ళున్నారు. వాటినే యాడ్-ఆన్లు అంటారు. నా దగ్గరున్న సిమ్యులేటర్లో తుపాకులు పేలవు. మరి యుద్ధవిమానం ఎందుకయ్యా అంటే, ఈ కాలపు విమానాల్లో పైలట్ చేసే పని దాదాపు నేను ఆఫీసులో చేసే పనే: స్క్రీన్లు చూడటం, బటన్లు నొక్కడం. వారమంతా అదే చేసి శనివారం కూడా అదేనా? పాత విమానాల్లో మనిషికీ ఇంజనుకీ మధ్య ఇంకెవరూ లేరు. తప్పు చేస్తే అదే చెబుతుంది, గట్టిగా.

జాబితాలో చివరికి నాలుగు మిగిలాయి. అమెరికా వాళ్ళ మస్టాంగ్, ఇంగ్లండు వాళ్ళ హరికేన్, స్పిట్‌ఫైర్ మార్క్ 1, స్పిట్‌ఫైర్ మార్క్ 9. మస్టాంగ్‌ని మొదటే తీసేశాను. బాగోక కాదు, ఈ సరదా ఉన్న ప్రతివాడి దగ్గరా అదే ఉంటుంది. హరికేన్ దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. 1940 బ్రిటన్ గగనయుద్ధంలో ఎక్కువ జర్మన్ విమానాల్ని కూల్చింది నిజానికి హరికేన్లే. వెనక సగం గుడ్డ కప్పిన చట్రం. గుండు తగిలితే ఒక పక్కనించి దూరి ఇంకో పక్కకి పోతుంది, సాయంత్రానికి అతుకేసి మర్నాడు ఎగరేసేవారు. పేరు స్పిట్‌ఫైర్‌ది, చాకిరీ హరికేన్‌ది. ప్రతి ఆఫీసులోనూ ఇలాంటి జంట ఒకటి ఉంటుంది కదా.

సరే, స్పిట్‌ఫైరే అనుకున్నాక మార్క్ 1 కావాలా, మార్క్ 9 కావాలా అన్నది మిగిలింది. బుద్ధున్నవాడెవడైనా మార్క్ 9 తీసుకుంటాడు. శక్తి ఎక్కువ, ఎత్తు ఎక్కువ, తలనొప్పులు తక్కువ. నన్ను మార్క్ 1 వైపు లాగింది దాని తలనొప్పే. కాస్త వివరంగా చెప్తాను, ఇంజనీరింగు చదివినవాళ్ళు ఆనందిస్తారు, తక్కినవాళ్ళు ఓపిక పట్టండి.

ఇంజను పేరు మెర్లిన్. రోల్స్‌రాయిస్ వాళ్ళది. 12 సిలిండర్లు, 27 లీటర్లు. మన మామూలు కారు ఇంజను లీటరుంపావు ఉంటుంది, పోల్చుకోండి. 1940లో వెయ్యి గుర్రాల శక్తి పైన ఇచ్చేది. ఇంత ఘనమైన ఇంజనుకి పెట్రోలు అందించేది మాత్రం పాతపద్ధతి కార్బురేటరు. లోపల చిన్న తొట్టి, అందులో తేలే బెండు, అంతే. మన పాత స్కూటర్లలో ఉండే సూత్రమే. స్కూటరు తలకిందులవదు కాబట్టి గొడవ లేదు. విమానం ముక్కుని ఒక్కసారిగా కిందకి తోస్తే తొట్టిలో పెట్రోలు అడుగునుంచి లేచి పైకప్పుకి అంటుకుంటుంది. ఇంజను మొదట పెట్రోలందక దగ్గుతుంది, వెంటనే పెట్రోలెక్కువై ఉక్కిరిబిక్కిరవుతుంది. జర్మన్ల మెసర్‌ష్మిట్ 109లో ఈ బాధ లేదు, అందులో పెట్రోలుని నేరుగా సిలిండర్లలోకి చిమ్మే ఏర్పాటుంది. కాబట్టి వెనకాల స్పిట్‌ఫైర్ తగులుకుంటే జర్మన్ పైలట్ చేసే పని ఒకటే. ముక్కు కిందకి తోసి జారుకోవడం. స్పిట్‌ఫైర్ వాడు అలా తోయలేడు, ముందు పల్టీ కొట్టి తలకిందులై, అప్పుడు లాగి దిగాలి. ఈలోగా అవతలివాడు ఎక్కడో ఉంటాడు.

దీనికి మందు కనిపెట్టింది బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు. ఫార్న్‌బరోలో ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థలో పనిచేసేది. అంతకుముందు బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద మోటారుసైకిలు గంటకి 100 మైళ్ళ పైన నడిపి బంగారు నక్షత్రం గెలుచుకున్న మనిషి. ఆవిడ చేసిందేమిటంటే, మధ్యలో చిల్లున్న ఒక చిన్న బిళ్ళ, దాదాపు వాషర్ లాంటిది, పెట్రోలు గొట్టంలో బిగించడం. ఇంజనుకి ఎంత అవసరమో అంతకంటే ఎక్కువ పెట్రోలు ఆ చిల్లులోంచి పోదు, కాబట్టి ఉక్కిరిబిక్కిరి ఉండదు. ఇంజను విప్పక్కర్లేదు, విమానాన్ని ఫ్యాక్టరీకి పంపక్కర్లేదు. 1941 మార్చి నుంచి ఆవిడా, ఆవిడ బృందమూ స్థావరాలన్నీ తిరిగి బిగించేశారు. రోగం పూర్తిగా కుదర్లేదు, కానీ పని నడిచింది. నేను ప్రొడక్షన్‌లో ఎన్ని ప్యాచ్‌లు వేశానో లెక్కలేదు గానీ ఇంత చవకగా ఇంత పనిచేసింది ఒక్కటీ లేదు.

మార్క్ 9 కథ కూడా మనకి తెలిసిన కథే. 1941లో జర్మన్లు ఫాకెవూల్ఫ్ 190 దింపారు, అప్పటి స్పిట్‌ఫైర్ మార్క్ 5 దాని ముందు తేలిపోయింది. కొత్త మెర్లిన్ కోసం విమానాన్ని పద్ధతిగా మార్చి మార్క్ 8 తయారుచేస్తున్నారు, కానీ అది ఆలస్యం. అందాకా ఆగలేక మార్క్ 5 చట్రంలోనే కొత్త ఇంజను ఇరికించి, ముక్కు సాగదీసి, 1942 నడివేసవిలో వదిలారు. అదే మార్క్ 9. తాత్కాలికం అనుకున్నది 5,600 పైన తయారైంది. పద్ధతిగా చేసిన మార్క్ 8 మాత్రం 1,650 దగ్గరే ఆగింది. "ఇప్పటికి ఇలా కానిచ్చేద్దాం, తర్వాత సరిగ్గా రాద్దాం" అన్న కోడు పదేళ్ళ తర్వాత కూడా ఎలా బతికుంటుందో నేను మీకు చెప్పక్కర్లేదు. ఈ మార్క్ 8ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇలా చదువుకుంటూ మార్క్ 1 పేజీలో కిందకి వెళ్ళాను. ప్రతి యాడ్-ఆన్‌కీ రకరకాల రంగులు ఇస్తారు, ఒక్కొక్కటీ చరిత్రలో ఒక నిజమైన స్క్వాడ్రన్‌ది. పోలిష్ వాళ్ళవీ, ఆస్ట్రేలియా వాళ్ళవీ చూస్తూ పోతుంటే ఒక దగ్గర చెయ్యి ఆగిపోయింది. విమానం పక్కన యు.ఎం. అన్న అక్షరాలు, కింద "152 (హైదరాబాద్) స్క్వాడ్రన్, వార్మ్‌వెల్, 1940".

హైదరాబాదేమిటి, వార్మ్‌వెల్ ఏమిటి? ముందు సింధులోని హైదరాబాదేమో అనుకున్నాను. కాదు, మనదే. నేను అద్దెకుంటున్నదే.

ఇక ఆ రోజు కొనడం ఆగిపోయింది, తవ్వడం మొదలైంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిష్ వాయుసేనకి విమానాలకని డబ్బిచ్చాడు, దానికి కృతజ్ఞతగా స్క్వాడ్రన్‌కి ఊరి పేరు తగిలించారు. 152 స్క్వాడ్రన్ చిహ్నం మీద ఉండేది నిజాం తలపాగా. పులో డేగో కాదు, అచ్చంగా దస్తారు. కింద నినాదం "ఫెయిత్‌ఫుల్ ఎలై". నమ్మకమైన మిత్రుడు. ఇది ఊరికే రాసిన మాట కాదు, 1918లో బ్రిటిష్ వాళ్ళు నిజాంకిచ్చిన బిరుదు. 253 స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ స్టేట్ అని పేరు, వాళ్ళవి హరికేన్లు. ఇంకా వెనక్కి పోతే మొదటి ప్రపంచయుద్ధం చివర్లో 110 స్క్వాడ్రన్‌కి మొత్తం డీహెచ్-9ఏ బాంబర్లన్నీ నిజాం ఇచ్చినవే. వాటి మీద నిజాం బహూకరించినట్టు రాసి ఉండేది.

ఆ 110లోని ఒక విమానం కథ చెప్పకుండా ముందుకి పోలేను. నంబరు ఎఫ్-1010. 1918 అక్టోబరు 5న జర్మనీ మీద బాంబులెయ్యడానికి వెళ్ళి అక్కడే దిగిపోయింది, జర్మన్లకి చిక్కింది. వాళ్ళు దాన్ని బెర్లిన్‌లో మ్యూజియంలో పెట్టారు. రెండో యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే మ్యూజియం సామాను తూర్పుకి తరలించారు, అలా అది పోలండులో తేలింది. చివరికి 1977లో లండన్లోని వాయుసేన మ్యూజియం దాన్ని వెనక్కి తెచ్చుకుంది. బదులుగా క్రాకో మ్యూజియంకి ఏమిచ్చారో తెలుసా? ఒక స్పిట్‌ఫైర్. అంటే హైదరాబాదు డబ్బుతో కొన్న విమానం విలువ ఒక స్పిట్‌ఫైర్ అని తేలిందన్నమాట, అరవయ్యేళ్ళ తర్వాత. రెండూ ఇప్పటికీ ఆయా మ్యూజియంలలో ఉన్నాయి.

నాకు కాస్త గర్వంగా అనిపించింది, అబద్ధమెందుకు. సాయంత్రం రూమ్మేటు వస్తే చూపించాను. వాడిది జనగామ దగ్గర పల్లె. "చూశావా, మీ నిజాం హిట్లర్ మీదకి స్పిట్‌ఫైర్లు పంపాడు" అన్నాను.

వాడు స్క్రీన్ వైపు చూసి, "నిజాం ఇచ్చుడేందిరా? మా ముత్తాత ఇచ్చిండు" అన్నాడు.

నవ్వాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. వాడన్నది లెక్క ప్రకారం కూడా నిజమే. హైదరాబాదు సంస్థానంలో సుమారు పదో వంతు భూమి సర్ఫేఖాస్, అంటే నిజాం సొంతం. మరో 30 శాతం జాగీర్లు. మిగతాది దివానీ. ఏ పేరు పెట్టుకున్నా దున్నేది రైతు, కట్టేది రైతు, పైన వెట్టి అదనం. 1937లో టైమ్ పత్రిక ప్రపంచంలో కెల్లా ధనవంతుడని నిజాం బొమ్మ ముఖచిత్రంగా వేసింది. ఆ ధనం గోల్కొండ వజ్రాల్లోంచి మాత్రమే రాలేదు. యుద్ధం రోజుల్లో ఇవి కాక లెవీ ధాన్యం కూడా వచ్చిపడింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మీద తుపాకి పేలింది. కడవెండి మా వాడి ఊరికి ఎంతో దూరం కాదు.

1940లో స్పిట్‌ఫైర్ ధర 5,000 పౌన్లని చెప్పేవాళ్ళు. అసలు ఖర్చు అంతకంటే చాలా ఎక్కువే, కానీ విరాళాలు అడగడానికి గుండ్రటి అంకె కావాలి కదా. ఇది బీవర్‌బ్రూక్ అనే విమానోత్పత్తి మంత్రి ఆలోచన. అయిదు వేలిస్తే విమానం మీద మీరు చెప్పిన పేరు రాస్తారు. అంత లేదా? ఒక రివెట్టు ఆరు పెన్నీలు, అదిచ్చినా చాలు. మొత్తానికి యాడ్-ఆన్ల దుకాణం వాళ్ళు 1940లోనే పెట్టేశారు. అప్పటి మారకం ప్రకారం రూపాయికి ఒకటిన్నర షిల్లింగు, కాబట్టి 5,000 పౌన్లంటే మన 66 వేల రూపాయల పైమాట. ఇంగ్లండులో పిల్లలు కిడ్డీ బ్యాంకులు పగలగొట్టి ఇచ్చారు. వాళ్ళ నెత్తిన బాంబులు పడుతున్నాయి, ఇష్టపడి ఇచ్చారు, అందులో తప్పుపట్టేదేమీ లేదు. జనగామ రైతుని ఎవరడిగారు?

ఇక్కడిదాకా వచ్చాక నా ఊరి సంగతి కూడా చూద్దామనిపించింది. నేను పుట్టింది కాకినాడలో. నిజాం పాలన మాకు లేదు, మేము మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళం, కాబట్టి ఈ గొడవ మాకంటదు అనుకున్నాను. పప్పులో కాలేశాను. 79, 234, 264 స్క్వాడ్రన్లు మూడూ మద్రాస్ ప్రెసిడెన్సీ పేరు మోసినవే. 79కి హరికేన్లు, 234కి స్పిట్‌ఫైర్లు. 264కి డిఫయంట్ అనే వింత విమానం, దానికి ముందుకి పేలే తుపాకి ఒక్కటీ లేదు, అన్నీ వెనకాల తిరిగే గూట్లో. డన్‌కర్క్ రోజుల్లో 1940 మే 29న ఒక్కరోజే 37 విమానాలు కూల్చామని చెప్పుకున్నారు (ఆ లెక్కలో ఉత్సాహం పాలు ఎక్కువ). ఆగస్టుకల్లా జర్మన్లు కిటుకు కనిపెట్టేసి ఎదురుగా వచ్చి కొట్టారు. స్క్వాడ్రన్ నాయకుడు ఫిలిప్ హంటర్‌తో సహా చాలామంది పోయారు, మిగిలినవాటిని రాత్రి పనికి మార్చారు.

మరి మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ విరాళాలకి ఒప్పుకున్నదెవరు? 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో ఇక్కడ ఎవరినీ అడక్కుండా ఇండియా యుద్ధంలో ఉందని ప్రకటించాడు. దానికి నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు దిగిపోయాయి, మద్రాసులో రాజాజీ ప్రభుత్వం అక్టోబరు చివర్లో. ఆ తర్వాత గవర్నరే సర్వం. 1940 అక్టోబరులో గాంధీ మొదలుపెట్టిన వ్యక్తి సత్యాగ్రహంలో సత్యాగ్రహి చెప్పాల్సింది ఒకే ఒక్క ముక్క: ఈ యుద్ధానికి మనిషినీ ఇవ్వకండి, డబ్బూ ఇవ్వకండి అని. ఆ ముక్క చెప్పినందుకే మన టంగుటూరి ప్రకాశం పంతులు గారు జైలుకెళ్ళారు. అంటే డబ్బివ్వొద్దన్నవాళ్ళు జైల్లో ఉన్నారు, ఇచ్చినట్టు ఊరి పేరు స్క్వాడ్రన్ మీదుంది.

ఒక మాట చెప్పి తీరాలి. హిట్లర్ ఓడటం మంచిదే. ఆ పేర్లు మోసిన కుర్రాళ్ళలో చాలామందికి ఇరవై, ఇరవై రెండేళ్ళు. 234లో పాట్ హ్యూస్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు పదికి పైగా విమానాలు కూల్చి 1940 సెప్టెంబరు 7న చచ్చిపోయాడు. అతనికి మద్రాసు ఎక్కడుందో తెలిసుండకపోవచ్చు, అది అతని తప్పు కాదు. నా పేచీ అంతా బిల్లు ఎవరి పేరు మీద వెళ్ళింది, రసీదు మీద ఎవరి సంతకముంది అన్న దగ్గరే.

ఇప్పుడు మా తాతయ్య దగ్గరికొస్తాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళ ర్యూజో అనే విమాన వాహక నౌకనుంచి వచ్చిన విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులేశాయి. ఆ రెండు మూడు రోజుల్లో బంగాళాఖాతంలో 20కి పైగా సరుకు ఓడల్ని ముంచేశారు. అప్పటికి తాతయ్యకి ఏడేళ్ళు. రేవు వైపు పొగ కనిపించిందట, ఆ సాయంత్రమే ఇంటిల్లిపాదీ మూటలు కట్టుకుని కాలవ గట్టు వెంట సామర్లకోట వైపు నడిచారట. ఆవుని వదిలి రానని వాళ్ళ నాయనమ్మ ఏడ్చిన సంగతి ఇప్పటికీ చెబుతాడు. విమానాల సంగతి అడిగితే, "వచ్చాయి, వేశాయి, పోయాయి. అడ్డొచ్చినవాడు లేడు" అంటాడు.

అడ్డురాకపోవడానికి కారణం సులువే. ఆ రోజున ఇండియా మొత్తం మీద ఒక్క స్పిట్‌ఫైర్ స్క్వాడ్రన్ కూడా లేదు. స్పిట్‌ఫైర్లు ఈ దేశానికి యుద్ధానికి వచ్చింది 1943 చివర్లో. మద్రాసు పేరున్న మూడిట్లో 234, 264 బ్రిటన్లోనే ఉన్నాయి. 79 స్క్వాడ్రన్ ఆ ఏడాదే ఇటు బయల్దేరింది గానీ, బాంబులు పడిన రోజుకి ఇక్కడ యుద్ధానికి సిద్ధంగా లేదు. అదైనా వచ్చాక కలకత్తా వైపు కాపలాకే. హైదరాబాదు పేరున్న రెండూ కూడా బ్రిటన్లోనే. మనది కాని ఇంటికి తాళం కొనిచ్చాం, మన తలుపుకి గడియ లేదు.

152 స్క్వాడ్రన్ మాత్రం ఆలస్యంగానైనా వచ్చింది. ఉత్తర ఆఫ్రికా, సిసిలీ, ఇటలీ తిరిగి, 1943 చివర్లో ఇండియాకి. ఇక్కడ వాళ్ళకిచ్చింది మార్క్ 8, అదే, ఇందాక చెప్పిన "సరిగ్గా రాసిన" విమానం. దాని పక్కన గుండ్రటి గుర్తు మీంచి దూకుతున్న నల్ల చిరుత బొమ్మ వేసుకున్నారు. చూడ్డానికి భలే ఉంటుంది. ఇంఫాల్, బర్మా యుద్ధాల్లో ఎగిరారు.

ఆ ఇంఫాల్ యుద్ధంలోనే అవతలిపక్క ఆజాద్ హింద్ ఫౌజులో ఇంకో హైదరాబాదీ ఉన్నాడు. ఆబిద్ హసన్. ఇంజనీరింగు చదవడానికి జర్మనీ వెళ్ళి, అక్కడ సుభాష్ చంద్రబోస్‌ని కలిసి చదువు వదిలేసినవాడు. 1943 ఫిబ్రవరిలో బోస్‌తో పాటు జర్మన్ జలాంతర్గామి ఎక్కి, మడగాస్కర్ దగ్గర నడిసముద్రంలో జపాన్ జలాంతర్గామిలోకి మారి తూర్పుకి చేరాడు. జైహింద్ అన్న మాట పుట్టించింది ఆయనేనంటారు. ఇంఫాల్ నుంచి వెనక్కి నడిచిన ఆ సైనికుల గురించి తర్వాత ఆయనే రాశాడు కూడా. ఆకలి, మలేరియా, వాన. పైన ఆకాశంలో బ్రిటిష్ విమానాలు, వాటిలో కొన్నిటికి ఆయన సొంతూరి పేరు. కింద బురదలో ఆ ఊరివాడే. ఇదంతా ఎవరైనా సినిమాగా తీస్తే మనమే అతి అంటాం.

నమ్మకమైన మిత్రుడి సంగతి చివరికేమైంది? 1947లో బ్రిటిష్ వాళ్ళు వెళ్ళిపోతూ హైదరాబాదుని ప్రత్యేక రాజ్యంగా గుర్తించలేదు, ఆయుధాలూ ఇవ్వలేదు. 1918 నుంచి స్క్వాడ్రన్లకి స్క్వాడ్రన్లు బహూకరించిన సంస్థానానికి 1948లో సొంతానికి ఒక్క యుద్ధవిమానం లేదు. అప్పుడు రంగంలోకి దిగినవాడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా ఆసామి. ఈయన 1939లో స్పిట్‌ఫైర్‌లోంచి తుపాకులు పీకేసి కెమెరాలు బిగించి, శత్రుదేశం ఫోటోలు తియ్యొచ్చని బ్రిటిష్ వాళ్ళకి చూపించినవాడు. అదే మనిషి 1948లో పాత లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి రాత్రిపూట హైదరాబాదుకి దొంగచాటుగా తుపాకులు మోశాడు. దానికి లండన్ కోర్టు ఆయనకి వేసిన జరిమానా 200 పౌన్లు. ఒక్కో ఖేపుకి ఎంత తీసుకున్నాడో ఊహించుకోండి. సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది, పైన టెంపెస్ట్ యుద్ధవిమానాలు. అవి తయారుచేసింది హరికేన్ తయారుచేసిన సిడ్నీ కామే. అయిదో రోజుకి అయిపోయింది.

ఇదంతా రూమ్మేటుకి చెబితే, "గట్లైతే కొను, మా పైసలెట్ల ఎగురుతయో చూస్త" అన్నాడు. కొన్నాను. మార్క్ 1, యు.ఎం. అక్షరాల రంగుతో.

మొదటి రోజు వార్మ్‌వెల్ నుంచి ఎగురుదామనుకున్నాను గానీ అక్కడ ఇప్పుడు విమానాశ్రయం లేదు, యుద్ధం తర్వాత మూసేశారు. పక్కనున్న బోర్న్‌మత్ నుంచి బయల్దేరదామని టాక్సీ చేస్తుండగానే ఇంజను మరిగిపోయింది. స్పిట్‌ఫైర్‌కి రేడియేటరు కుడి రెక్క కింద ఉంటుంది, నేల మీద దానికి గాలి సరిగా తగలదు. స్టార్టు చేసిన కొద్ది నిమిషాల్లో ఎగరకపోతే అంతే సంగతులు. రెండోసారి ఎగిరాను గానీ చక్రాలు లోపలికి తియ్యాలంటే కుడిచేత్తో పంపు కొట్టాలి, స్టిక్కు ఎడమచేతికి మార్చుకోవాలి. కుడిచెయ్యి పంపు కొడుతుంటే ఎడమచెయ్యి కూడా దానితో పాటు ఊగుతుంది, విమానం కప్పలా గెంతుతుంది. 1940లో కొత్త పైలట్లని దీన్నిబట్టే గుర్తుపట్టేవారట. నన్నూ గుర్తుపట్టి ఉండేవారు. నాలుగు రోజులయ్యాక గానీ పోర్ట్‌లాండ్ రేవు మీద తిన్నగా ఒక చుట్టు చుట్టలేకపోయాను. ముక్కు కిందకి తోసి చూశాను కూడా. దగ్గింది! ఆ దగ్గు కోసమే ఇచ్చాను రెండు వేలు.

పండక్కి కాకినాడ వెళ్ళినప్పుడు లాప్‌టాపూ, జాయ్‌స్టిక్కూ సంచీలో పెట్టుకెళ్ళాను. రాజమండ్రి విమానాశ్రయం నుంచి లేపి తూర్పుకి తిప్పాను. తాతయ్య కళ్ళజోడు పైకి తోసుకుని, స్క్రీన్‌కి జానెడు దూరంలో కూర్చున్నాడు. విమానం పేరు చెప్పాను, మద్రాసు డబ్బుల సంగతీ, నిజాం సంగతీ చెప్పాను. అంతా విని, "మా నాన్న కూడా ఏదో కట్టాడ్రా, కరణం వచ్చి రాసుకుపోయాడు. ఎందుకో ఎవరికి తెలుసు" అన్నాడు. రేవు కనిపించింది, హోప్ ఐలాండ్ కనిపించింది. ఆయనకి అవేవీ పట్టలేదు.

"కాలవ గట్టు ఏదిరా?" అన్నాడు.

వెనక్కి తిప్పి, బాగా కిందకి దించి, చూపించాను. సామర్లకోట దాకా కాలవ వెంబడే మెల్లగా పోనిచ్చాను. ఇక్కడ ఆగాం, ఇక్కడ ఎవరో మజ్జిగ ఇచ్చారు అని చెబుతూనే ఉన్నాడు, ఆ గట్టు మీద ఇప్పుడున్నవన్నీ కొత్త ఇళ్ళే. దిగమన్నాడు. అక్కడ రన్‌వే లేదని చెబితే, పొలంలో దింపెయ్యమన్నాడు.